కొబ్బరితోట మధ్య కొత్త ఇల్లు: గోడల రంగులు, గదుల ఆకారాలు, ఒదిగి కూర్చునే చోట్ల గురించి సలహా కావాలి

ప్రశ్న – వైనతేయ ఒడ్డు

అందరికీ నమస్కారమండి. రాజోలుకు దగ్గరలో, మా మామగారి పాత పెంకుటిల్లు ఉన్న స్థలంలోనే కొత్త డాబా కట్టుకుంటున్నాము. శ్లాబు పడింది, లోపలి గోడలకు సిమెంటు పూత పూర్తయింది. గచ్చు, రంగులు, చెక్కపని మిగిలి ఉన్నాయి. ఇంటికి మూడు వైపులా కొబ్బరితోట, పడమట పంటకాలువ ఉన్నాయి. హాలు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. దానికి తూర్పున వసారా, ఉత్తరాన రెండు పెద్ద కిటికీలు వచ్చాయి. శ్లాబు ఎత్తు 10 అడుగులు. పాత ఇంటి టేకు స్తంభాలు, వీధి తలుపు, ఉయ్యాల బల్ల జాగ్రత్త చేసి ఉంచాము.

నగరంలోని ఒక డిజైనరు చేత బొమ్మలు గీయించాము. అన్ని గోడలకూ లేత బూడిదరంగు, మెరిసే తెల్లని టైల్సు, హాలంతా ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో దాచిన తెల్లని లైట్లు, పదునైన మూలలున్న సోఫా వేసి చూపించారు. మా వారికి అవి నచ్చాయి. నాకు మాత్రం ఆ బొమ్మల్లోని హాలు ఏ ఊళ్ళో ఉందో తెలియడం లేదు. అత్తయ్యగారు గోడలకు పసుపురంగు వేయాలంటున్నారు. పదో తరగతికి వచ్చిన మా అమ్మాయికి చదువుకోవడానికి తనదంటూ ఒక చోటు కావాలి, కానీ విడిగా గది ఇచ్చే వీలు లేదు.

కొత్త పద్ధతిలో ఉంటూనే మా నేలకు, మా గాలికి సరిపడే రంగులు ఎలా ఎంచుకోవాలి? పాత ఇంట్లో వసారా అంచున కూర్చుంటే కలిగే నెమ్మది ఈ నలుచదరపు హాల్లో రావాలంటే ఏం చేయాలి? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు – గౌతమి గట్టు

వైనతేయ ఒడ్డు గారికి నమస్కారం. కాకినాడలో ఇళ్ళ లోపలి అలంకరణ పని చేస్తున్నాను, కోనసీమలోనూ కొన్ని ఇళ్ళకు పనిచేశాను. మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట మూడు వైపులా కొబ్బరితోట ఉందన్నది. మీరు షేడ్ కార్డు తెరవక ముందే మీ హాల్లోకి ఒక రంగు వచ్చేసింది, అది ఆకుపచ్చ. ఎండ కొబ్బరి మట్టల మీదా తోటలోని గడ్డి మీదా పడి, అక్కడి నుంచి కిటికీలోకి వస్తుంది కనుక ఆ వెలుతురులో పచ్చదనం కలిసే ఉంటుంది. లేత బూడిదరంగు గోడ ఆ వెలుతురులో నీరసంగా, పాచి పట్టినట్టుగా కనిపిస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో అది మరింత తెలుస్తుంది. కొద్దిగా పసుపో, గులాబీ ఛాయో కలిసిన తెలుపును అదే గోడకు వేస్తే పచ్చదనం విరిగి గోడ వెచ్చగా నిలుస్తుంది. చుట్టూ ఆకాశం, కాంక్రీటు మాత్రమే ఉన్న నగరపు ఫ్లాటులో బూడిదరంగు చక్కగా ఉండవచ్చు. మీ డిజైనరు గారు తోటను చూడకుండా బొమ్మ గీశారేమోనని నాకు అనిపిస్తోంది.

రంగుల పుస్తకాలు, వీడియోలు చాలావరకు చలిదేశాల లెక్కతో తయారవుతాయి. ఉత్తరపు గదిలో నీలి ఛాయ గల చల్లని వెలుతురే ఉంటుందని, అక్కడికి ఎండ రాదని అవి చెబుతాయి. మన డెల్టా భూమధ్యరేఖకు 16 నుంచి 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. అందువల్ల సుమారుగా మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం మీ ఉత్తరపు కిటికీల మీద ఏటవాలు ఎండ పడుతుంది, మిగిలిన కాలంలో నెమ్మదైన వెలుతురు వస్తుంది. కాబట్టి హాలుకు ఎంచుకునే రంగు ఈ రెండింటిలోనూ బాగుండాలి. ఎండ తగలగానే అరిచినట్టుండే రంగులు ఆ గోడల మీద వద్దు.

చాలా కంపెనీలు తమ రంగుల వివరాలలో ఎల్‌ఆర్‌వీ అనే అంకెను ఇస్తాయి. తన మీద పడిన వెలుతురులో ఎంత భాగాన్ని ఆ రంగు తిరిగి గదిలోకి పంపుతుందో ఆ అంకె చెబుతుంది. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100. మీ హాలుకు తూర్పున వసారా ఉండడం వల్ల అటు నుంచి వచ్చే వెలుతురు కొంత ముందే ఆగిపోతుంది కనుక పెద్ద గోడలకు 70కి తగ్గని రంగు, శ్లాబు అడుగుకు 80 దాటిన తెలుపు ఎంచుకోండి. ముదురు రంగు కావాలనుకుంటే ఒకే గోడకు వేయండి, అదీ కిటికీలున్న గోడకు మాత్రం వద్దు. కిటికీ చుట్టూ గోడ చీకటిగా ఉంటే బయటి వెలుతురుకూ గోడకూ తేడా పెరిగి కళ్ళు అలసిపోతాయి. కిటికీలకు ఎదురుగా ఉన్న దక్షిణపు గోడకు జాజు ఎరుపు గానీ కాల్చిన ఇటుక రంగు గానీ వేస్తే, దాని మీద పడిన వెలుతురు పక్కనున్న తెల్లగోడ మీదికి పలచని ఎరుపును పంపుతుంది.

ఈ పనిని గొప్పగా చేసి చూపినవారు మెక్సికో వాస్తుశిల్పి లూయీస్ బరగాన్. మెక్సికో నగరంలో 1948లో ఆయన తనకోసం కట్టుకున్న ఇంట్లో సామాను తక్కువ, ఆడంబరం లేదు. గోడ రంగూ దాని మీద పడే వెలుతురూ కలిసి గదిని నింపుతాయి. 2004లో యునెస్కో ఆ ఇంటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఊరి జాజుకు, మన ఎండకు ఆ శక్తి తక్కువేమీ కాదని నేను గట్టిగా నమ్ముతాను.

రాత్రి లైట్ల సంగతి. దీపపు వెలుతురు రంగును కెల్విన్ల అంకెతో చెబుతారు, అంకె తక్కువైతే వెచ్చగా, ఎక్కువైతే చల్లని తెలుపుగా ఉంటుంది. హాల్లోనూ పడకగదుల్లోనూ 2700 నుంచి 3000 కెల్విన్ల వెచ్చని ఎల్‌ఈడీ దీపాలు, వంటింట్లోనూ చదువుకునే చోటా 4000 కెల్విన్లవి పెట్టించండి. ఊళ్ళలో దుకాణదారులు అలవాటుగా ఇచ్చే 6500 కెల్విన్ల తెల్లని దీపం కింద జాజు గోడ గోధుమరంగుకు తిరిగి, మనుషుల ముఖాలు కూడా పాలిపోయినట్టు కనిపిస్తాయి.

జవాబు – పునాది

రంగుల గురించి గౌతమి గట్టు గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. అయితే మన డెల్టాలో రంగుకు ముందు చెమ్మ సంగతి తేలాలి. ఇళ్ళ నిర్మాణంలో చాలాకాలం ఇంజనీరుగా పనిచేసినవాడిగా ఈ ఒక్క విషయం మీద పట్టుబట్టి చెబుతున్నాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన పొలాలకు కాలువ నీరు అందుతోంది, దానితోపాటు నేలలోని నీటిమట్టం కూడా పైకి వచ్చి ఉంటుంది. మన నల్లబంకమట్టి ఆ నీటిని త్వరగా వదలదు. పునాది మీద చెమ్మను ఆపే పొర సరిగా పడకపోతే నీరు ఇటుకల సన్నని రంధ్రాల గుండా గోడలోకి ఎక్కుతుంది, తనతో ఉప్పును తెస్తుంది. నీరు ఆరిపోయిన చోట ఉప్పు పొంగి, పుట్టీని, రంగును పెచ్చులుగా ఊడదీస్తుంది. మీ ఇల్లు కాలువ పక్కనే ఉంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పొడిగా కనిపించిన గోడ, నీళ్ళు వదిలాక తడెక్కవచ్చు. కాలువ పారుతున్న రోజుల్లో గోడను చూసి నిర్ణయించుకోవడం క్షేమం.

పరీక్ష సులువైనదే. నేల నుంచి అడుగు ఎత్తులో, రెండడుగుల చదరపు పాలిథీన్ షీటును నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా గోడకు అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. షీటు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి చుక్కలు కనిపిస్తే తడి గోడలోనే ఉంది. గది వైపున కనిపిస్తే అది గాలిలోని తేమ. మొదటిదైతే ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు, ముందు కారణాన్ని సరిచేయాలి. కొత్త సిమెంటు పూతకు కూడా కనీసం 28 రోజులు గడవనిచ్చి, బాగా ఆరిన తరువాతే ప్రైమరు వేయించండి.

చెమ్మ మరకలు కనపడకుండా గోడ అడుగున మూడడుగుల మేర టైల్సు అంటించే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. తడికి బయటపడే దారి మూసుకుపోతుంది కనుక అది టైల్సును దాటి పైకి పాకుతుంది, మరక మూడడుగుల మీద తేలుతుంది. గోడ ఊపిరి పీల్చుకునే పూతలే మన నేలకు మేలు. ఈ ప్రాంతంలో వెనుకటివారు గుల్లసున్నం వాడింది ఇందుకే. సున్నపు పూత తడిని ఆవిరిగా వదులుతుంది, క్షారగుణం వల్ల దాని మీద బూజు త్వరగా పట్టదు. పలచగా, ఒకదాని మీద ఒకటిగా పూతలు వేయించాలి. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి, ఆరాక బాగా లేతబారుతుంది కాబట్టి మేస్త్రి మొదటి పూత వేయగానే రంగు ఎక్కువైందని కంగారుపడకండి. ఇప్పటికే ప్లాస్టిక్ రంగు వేసిన గోడకు సున్నం పట్టదు. మీవి ఇంకా సిమెంటు పూత దగ్గరే ఉన్నాయి కనుక మీకు ఆ వీలుంది.

చెక్కపని గురించి ఒక మాట. రంపపు పొట్టుతో చేసిన అట్టలు, చెక్క పీచును నొక్కి చేసే ఎండీఎఫ్ మన తేమకు ఉబ్బిపోతాయి. వంటింటి అరలకు ఐఎస్ 710 గుర్తున్న, అంటే నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి. బీరువాలను గోడకు ఆనించకుండా రెండంగుళాలు ఎడం ఉంచి, కాళ్ళ మీద నిలబెట్టండి. తెల్లని మెరిసే టైల్సును మాత్రం పూర్తిగా మానుకోమని కోరుతున్నాను. వానాకాలంలో తడి కాళ్ళతో వసారాలోంచి లోపలికి వచ్చే పెద్దవారికి అవి ప్రమాదకరం. మెరుపు లేని తాండూరు బండలు గానీ, పనితనం తెలిసిన మేస్త్రి దొరికితే ఎర్ర గచ్చు గానీ నా ఎంపిక.

జవాబు – వశిష్ఠ

నేను పాలకొల్లు దగ్గర మండువా లోగిలిలో, అంటే మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు ఉండే పాతకాలపు ఇంట్లో పెరిగాను. మీరు అడిగిన ఆ నెమ్మది ఎక్కడి నుంచి వస్తుందో నాకు తోచినంత చెబుతాను.

మండువా ఇంటి కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలుతూ వస్తుంది. గది లోపల వాసాలు చాలా ఎత్తున ఉంటాయి, మండువా అంచుకు వచ్చేసరికి చూరు మనిషి తలకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. ఆ అంచున, స్తంభానికి వీపు ఆనించి కూర్చున్న మనిషికి తల మీద కప్పు దగ్గరగా ఉంటుంది, వెనుక నుంచి ఎవరూ నడవరు, ఎదురుగా ఆకాశపు వెలుతురు, వానధార, ఇంట్లో తిరిగే మనుషులు కనిపిస్తుంటారు. తక్కువ కప్పు, వెనుక ఆదరువు, ముందు వెలుతురు. ఈ మూడూ ఒకచోట కలిస్తే అక్కడ మనిషి కూర్చుంటాడు. మీ కొత్త హాల్లో శ్లాబు అన్నిచోట్లా 10 అడుగుల ఎత్తునే ఉంది కనుక ఎక్కడ కూర్చున్నా గది మధ్యలో కూర్చున్నట్టే ఉంటుంది. మెత్తని దిండ్లు, తివాచీలు ఎన్ని కొన్నా ఆ లోటు తీరదు.

అందువల్ల హాలంతటా ఫాల్స్ సీలింగు వేసే ఖర్చు మానుకుని, ఉత్తరపు కిటికీల వైపు మాత్రం నాలుగడుగుల వెడల్పున, ఏడున్నర అడుగుల ఎత్తులో చెక్క పట్టీలతో కప్పును దించండి. దాని అంచు కింద మీ పాత టేకు స్తంభాలు నిలబడితే అక్కడ ఒక లోపలి వసారా ఏర్పడుతుంది. ఆ రెండు కిటికీల్లో ఒకదాని కింద గోడలోనే కలిసిపోయే అరుగు కట్టించండి. నేల నుంచి పరుపుతో కలిపి 18 అంగుళాల ఎత్తు ఉంటే మీ అత్తయ్యగారు, మామగారు మోకాళ్ళ మీద భారం పడకుండా కూర్చుని లేవగలరు, 24 అంగుళాల లోతు ఉంటే కాళ్ళు పైకి పెట్టుకుని ఒదిగి కూర్చోవచ్చు. మన కొబ్బరిపీచు పరుపు మీద బండారులంక నేత దుప్పటి పరిస్తే చాలు. తిరువనంతపురంలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ గారు కట్టిన ఇళ్ళలో ఇటువంటి కిటికీ అరుగులు, ఇటుక జాలీలు కనిపిస్తాయి. కేరళ గాలిలోని తేమ, కొబ్బరితోటల నీడ మనవాటికి దగ్గరివే కనుక ఆయన పని మనకు బాగా పనికివస్తుంది.

రెండో కిటికీ మీ అమ్మాయిది. నాలుగడుగుల వెడల్పు బల్ల, రెండు పక్కలా నేల నుంచి పైదాకా పుస్తకాల గూళ్ళు పెట్టించండి. ఆ గూళ్ళే పక్క గోడలై, టీవీ ఆమె కంటికి ఆనకుండా అడ్డుపడతాయి. కుడిచేత్తో రాసే పిల్ల అయితే వెలుతురు ఎడమవైపు నుంచి వచ్చేలా బల్లను తిప్పండి. గది లేకపోయినా ఆ చోటు తనదని ఇంట్లో అందరికీ తెలిసేలా గూళ్ళ లోపలి వైపు రంగు ఏదో ఆమెనే ఎంచుకోనివ్వండి, అది చిలకాకుపచ్చ అయినా సరే ఎవరూ కాదనకూడదు.

ఉయ్యాల బల్లకు కొక్కేలు శ్లాబు వేసేటప్పుడే వదలవలసింది. ఇప్పుడైతే ఇంజనీరును సంప్రదించి, దూలానికి బిగించే ఏర్పాటు చేసుకోవాలి, కేవలం శ్లాబుకు డ్రిల్లు వేసి వేలాడదీయవద్దు. కిటికీలకు దోమతెర తప్పదు. తెల్లని వలకన్నా నల్లని వల వేయిస్తే దానిగుండా తోట స్పష్టంగా కనిపిస్తుంది. తెరలకు బరువైన గుడ్డలు కాకుండా పలచని నూలు బట్ట, దాని అంచుకు నర్సాపురం లేసు వాడండి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లేసు మీ ఊరికి నది అవతలే, మన ఆడవాళ్ళ చేతుల్లో తయారవుతోంది. దాన్ని టేబుల్ మీద ప్లాస్టిక్ కాగితం కింద దాచకుండా వెలుతురుకు ఎదురుగా వేలాడదీస్తే గోడ మీద దాని నీడ కూడా అలంకారమవుతుంది.

వైనతేయ ఒడ్డు

అందరికీ ధన్యవాదాలండి. మా వారికి అన్నీ చదివి వినిపించాను. లోపలి వసారా ఆలోచన ఆయనకు బాగా నచ్చింది. పాలిథీన్ షీటు రేపే అంటిస్తాము. ఇంకా రెండు విషయాలు తేలలేదు. పదునైన మూలలు వద్దని డిజైనరుకు చెప్పగానే ఈసారి ప్రతి గుమ్మానికీ ఆర్చి, గుండ్రని గోడ వేసి పంపారు. అది కూడా ఎక్కువే అనిపిస్తోంది. అత్తయ్యగారి పసుపురంగు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

జవాబు – లంక గాలి

నేను చెక్కపని చేయించేవాడిని కనుక ఆకారాల గురించి చెబుతాను. వంపు మనిషికి నచ్చుతుందన్న మాటకు ఆధారముంది. ఓషిన్ వర్తానియన్, ఆయన సహచరులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, గదుల చిత్రాలు చూపించి మెదడు స్పందనను పరిశీలించినప్పుడు, వంపులున్న గదులను అందమైనవని చెప్పే మొగ్గు ఎక్కువగా కనిపించింది. మన తీరంలో చుట్టిళ్ళు గుండ్రంగా కట్టుకున్నదీ కారణం లేకుండా కాదు. తుపాను గాలి చదునైన గోడను ఢీకొట్టినట్టు కాకుండా, వాటి చుట్టూ జారిపోతుంది.

అయినా మీ ఇంటికి గుండ్రని గోడలు వద్దంటాను. బీరువాలు, మంచాలు, చాపలు అన్నీ నలుచదరంగానే వస్తాయి, గుండ్రని గోడ పక్కన వాటిని పెడితే ప్రతిచోటా చీపురు దూరని సందు మిగులుతుంది. చేయి తగిలే చోట, నడుము ఒరుసుకునే చోట వంపు ఉంటే చాలు. అరుగు అంచు, వంటగట్టు మూల, గూళ్ళ అంచులు గుండ్రంగా తీయించండి. నలుగురైదుగురు తినడానికి నాలుగడుగుల వ్యాసమున్న గుండ్రటి భోజనాల బల్ల చేయించుకోండి, దాని చుట్టూ తిరగడం సులువు, పెద్దవారు ఒక మూలకు పరిమితం కారు. ఆర్చి ఒక్కటే పెట్టండి, హాలుకూ భోజనాల గదికీ మధ్య. వశిష్ఠ గారు చెప్పిన దించిన కప్పు విషయంలో నాకు చిన్న అభ్యంతరం ఉంది. ఏడున్నర అడుగులకు దించితే ఆ భాగంలో పంకా పెట్టడానికి వీలుండదు, రెక్కలు తలకు మరీ దగ్గరవుతాయి. అక్కడ గోడ పంకాకు ఇప్పుడే వైరు వదిలించండి, మన ఉక్కపోతలో గాలి లేని మూలలో ఎవరూ కూర్చోరు.

జవాబు – గౌతమి గట్టు

పంకా మాట నిజం, ఆ వైరు తప్పకుండా వదిలించండి.

అత్తయ్యగారి కోరిక కొట్టివేయదగినది కాదు. గడపకు పసుపు రాసే ఇంట్లో ఆ రంగుకు ఉన్న చోటు ఏ షేడ్ కార్డూ ఇవ్వలేదు. అయితే పసుపురంగు గోడలు నాలుగు వైపులా ఉన్నప్పుడు ఒకదాని వెలుతురు మరొకదాని మీద పడి రంగు చిక్కబడుతుంది, కార్డు మీది చిన్న ముక్క చూసి ఎంచుకుంటే గోడ మీద అనుకున్నదానికన్నా చాలా గాఢంగా వస్తుంది. మీ తోట వెలుతురులో నిమ్మపండు వైపు మొగ్గే పసుపు ఆకుపచ్చగా తిరుగుతుంది. ఎరుపు వైపు మొగ్గే పసుపును, మీరు ఇష్టపడిన దానికన్నా రెండు మెట్లు లేతగా తీసుకుని, తూర్పు వసారా గోడలకూ అత్తయ్యగారి పడకగదికీ వేయండి. పొద్దున్నే ఎండ తగిలే వసారాలో ఆ రంగు ఇంటికి వచ్చిన ప్రతివారినీ పలకరిస్తుంది. హాలు వెచ్చని తెలుపుతో, ఒక్క జాజు గోడతో ఉండనివ్వండి. అప్పుడు వసారాలోని పసుపు తలుపులోంచి కనిపిస్తూ హాల్లోనూ భాగమవుతుంది.

నిర్ణయించే ముందు రెండడుగుల చదరపు ప్లైవుడ్ ముక్కలకు ఆ రంగులు రెండేసి పూతలు వేయించి ఆరనివ్వండి. ఒక్కొక్క ముక్కనూ ఏ గోడకు అనుకున్నారో ఆ గోడకే నిలబెట్టి, గచ్చు కోసం ఎంచుకున్న బండ ముక్కను దాని కాళ్ళ దగ్గర పెట్టి, ఉదయం, మధ్యాహ్నం, దీపాలు వెలిగించాక చూడండి. ముసురు రోజు ఒకటి తప్పకుండా చూడాలి. గోడ మీదే నేరుగా నమూనా పూయించవద్దు, పునాది గారు చెప్పిన సున్నం వేయాలనుకుంటే ఆ నమూనా పూసిన చోట సున్నం పట్టదు. సున్నపు పూత నమూనాకు మాత్రం ప్లైవుడ్ పనికిరాదు, మేస్త్రి చేత విడి ఇటుకల మీద సిమెంటు పూత పూయించి, అది ఆరాక వాటి మీద చూసుకోవాలి. ముక్కలన్నీ పెట్టిన రోజు అత్తయ్యగారిని అరుగు రాబోయే చోట కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఎందుకంటే ఆ గోడలను రోజులో ఎక్కువసేపు చూసేది ఆవిడే.